రెండు నిమిషాలకో చెంచా

రెండు నిమిషాలకో చెంచా, అంది ఆ నర్సు పిల్ల. చెంచా అంటే చెంచాయే తాతగారూ, దాహమేస్తోంది కదా అని గడగడా పట్టించేశారంటే కడుపులో నిలవదు, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి, ఇలా గంటసేపు నిలిచి పాప పాస్‌కి వెళ్ళిందా సరే, లేదా చేతికి సూది పెట్టి సెలైన్ ఎక్కించాల్సిందే, అంది. ఓఆర్‌ఎస్ కలిపిన గ్లాసొకటీ, చిన్న స్టీలు చెంచా ఒకటీ ఆయన చేతిలో పెట్టి, గోడ గడియారం చూపించి, పదకొండూ ఐదు గుర్తుపెట్టుకోండి అని చెప్పి వెళ్ళిపోయింది. గుర్తుపెట్టుకోవాలట! నలభై ఏళ్ళు ఊరందరికీ నీళ్ళు వదిలినవాడికి, ఏ వీధికి ఏ గంటకి ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడికి, నిన్నగాక మొన్న పుట్టిన ఈ పిల్ల గడియారం చూసి గంట లెక్కపెట్టమని పాఠం! పానా మేస్త్రి అంటే వాటర్‌వర్క్స్‌లో తెలియనివాడు లేడు. చేతిలో వాల్వులు తిప్పే పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ఆ చేతిలో పానా లేదు, వేలెడంత చెంచా ఉంది. ఆ చెంచా మీద కూడా ఆయనకి కోపం వచ్చింది.

పదకొండూ ఏడు. చెంచా పెదవుల దగ్గర పెడితే బుడగ నోరు తెరవదు. బుడగ అంటే మనవరాలు, ఇరవై నెలల పిల్ల, పెదాల మీద ఉమ్మితో బుడగలు ఊది తానే చిట్లగొట్టి తానే నవ్వేది, అందుకని ఆ పేరు. ఇప్పుడు ఊదడానికి నోట్లో తడేదీ, నాలుక చూస్తే గరుకు కాగితంలా ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. ఇందాక ఆ నర్సు పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే అది వెంటనే పడలేదు, కాసేపు అలాగే నిలబడి, అప్పుడు మెల్లగా దిగింది, అది చూసి నర్సు పెదవి కొరుక్కుంది, ఆ కొరుక్కోవడం ఆయన చూశాడు. ఎప్పట్నుంచి అని అడిగింది. నిన్న పొద్దుట్నుంచి. ఎన్నిసార్లు? ఎనిమిదో తొమ్మిదో. నీళ్ళు తాగుతోందా? అంతంతమాత్రం. మందేమైనా వేశారా? లేదమ్మా. ఇంత మగతగా ఉందేంటి తాతగారూ, ఏ మందూ వేయలేదా? లేదన్నానుగా. అలా అనేశాడు, రెండుసార్లూ అదే మాట, రెండోసారి కాస్త గద్దించి మరీ. ఇప్పుడు చొక్కా జేబులో మాత్రల రేకు గుండెకి గుచ్చుకుంటోంది. గుచ్చుకునేంత పదునైనదేమీ కాదది, సగం ఖాళీ అయిన మామూలు రేకు. చెంచాలోంచి రెండు చుక్కలు లోపలికి పోయాయి, మిగతాది గడ్డం మీదుగా కారి మెడలోకి జారింది. తుడిచాడు. మింగింది. మింగినట్టే ఉంది.

పక్కింటావిడ మీద ఒళ్ళు మండిపోతోంది ఆయనకి. నిన్న పదింటికి గోడ మీంచి తొంగి చూసి, అన్నయ్యగారూ, పాపకి నీళ్ళు పడుతూ ఉండండి, ఉప్పూ పంచదారా వేసి, పాలు కూడా ఆపకండి అంది. గోడ మీంచి వైద్యం! ఆ గోడ కింద నాలుగేళ్ళుగా పైపు కారుతోంటే ఆవిడకి పట్టదుగానీ మా ఇంటి పిల్ల సంగతి కావాలి. నలభై ఏళ్ళు నీళ్ళతోనే బతికాను తల్లీ, నీళ్ళ సంగతి నాకు చెప్పకు అన్నాడు. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. పోతే పోయింది, మళ్ళీ ఎందుకు రాలేదు? అంత తెలిసినావిడ గోడ దూకి వచ్చి ఆయన చేతిలో గ్లాసు లాక్కుని పిల్ల నోట్లో పోయొద్దూ? తెలిసినవాళ్ళంతా ఒక్కమాట చెప్పేసి చేతులు దులుపుకుంటారు. తెలియనివాడే తెల్లవార్లూ మేలుకుంటాడు. పదకొండూ తొమ్మిది. ఆవిడ చెప్పింది నిజమని తేలడమే ఆవిడ చేసిన పెద్ద తప్పు, దాన్ని ఆయన ఈ జన్మకి క్షమించలేడు.

ఎదురు బెంచీ మీద రెండేళ్ళ వాడు చెవి పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. వాడి తల్లి మెడ మీద నూనె మరకలు. కాచిన నూనె చెవిలో రెండు చుక్కలు పోశాను అంటోంది ఎవరితోనో, మా అత్తగారు చెప్పారు, అని. నర్సు వెళుతూ వెళుతూ ఆగి, చెవిలో ఏమీ పోయకూడదమ్మా, లోపల పొర చిల్లు పడి ఉంటే నూనె లోపలికే పోతుంది, నొప్పికి వాడి బరువుని బట్టి సిరప్పు, పైన వెచ్చటి గుడ్డ, అంతే, చూసి చెప్పాల్సింది డాక్టరుగారు, అంది. ఆ తల్లి, అయ్యో, ముందు అడగాల్సింది, అంది. ఎంత తేలిగ్గా అనేసింది! తెల్లటి గోడ ముందు, పదిమంది ఎదుట, పోశాను అని ఒప్పేసుకుంది, ఎవరూ ఆవిడని కొట్టలేదు, నెత్తి మీద పిడుగూ పడలేదు. మేస్త్రికి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. నోరా అది, నీళ్ళ పంపా? నూనె పోసినదానికీ మాత్ర వేసినదానికీ తేడా లేదూ? ఆవిడకి అత్తగారుంది తోసెయ్యడానికి. ఆయనకెవరున్నారు?

ఉండేది ఒకతి, పెళ్ళాం. ఉండి, పిల్లల జబ్బులన్నీ తన కొంగున ముడేసుకుని, ఆ ముడి విప్పకుండానే ఏడేళ్ళ క్రితం పోయింది. ఆవిడ మీద ఉన్నంత కోపం ఈ భూమ్మీద ఎవరి మీదా లేదాయనకి. పోవడం సరే, అందరూ పోతారు. ఒక్క ముక్క చెప్పి పోవచ్చుగా? అమ్మాయికి, ఇప్పటి బుడగ తల్లికి, మూడేళ్ళప్పుడు జ్వరం నెత్తికెక్కి కాళ్ళూ చేతులూ కొట్టుకుని కళ్ళు తేలేస్తే, తను పరిగెత్తుకొచ్చి పళ్ళ మధ్య గరిటె కాడ దూర్చబోతే, ఆవిడ చేతి మీద ఒక్కటిచ్చింది, నోట్లో ఏమీ పెట్టకు, పక్కకి తిప్పు, పక్కకి, గడియారం చూడు నువ్వు, అది చాలు, అని. ఆయన గడియారం చూశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు అదంతా, ఆయనకి మాత్రం ఆ రెండు నిమిషాలూ పెళ్ళికి ముందు గడిచిన ఇరవై నాలుగేళ్ళ కంటే పొడుగ్గా గడిచాయి. ఇంకోసారి కుక్క మొరిగినట్టు దగ్గుతోంటే, గాలి పీలుస్తుంటే గొంతులో ఈల వేస్తోంటే, భయపడితే ఇంకా బిగుసుకుంటుందని, బిడ్డని నిలువుగా భుజాన వేసుకుని చల్లగాలికి మెట్ల మీద కూర్చుని ఏదో కూనిరాగం తీసింది, మరోచేత్తో ఆయనకి సైగ చేసింది, ఆటో పిలువు అని. నువ్వు గడియారం చూడు. నువ్వు ఆటో పిలువు. నువ్వు పనికి పో, నేను చూసుకుంటాలే. నువ్వు అడ్డం లే. అంతే ఆయన వంతు. ఎప్పుడైనా కూర్చోబెట్టి, ఇదిగో ఇలా చెయ్యాలి, ఇది ఎందుకంటే ఇది, అని చెప్పిందా? ఆయన అడిగాడా? అడిగితే చెప్పేది కాదూ? పదకొండూ పదిహేను అయింది, పదమూడుకి పట్టాల్సిన చెంచా దాటిపోయింది, అదీ ఆవిడ వల్లే. గబుక్కున చెంచా అందించాడు. ఈసారి బుడగ పెదాలు చప్పరించింది. చప్పరించి, కళ్ళు సగం తెరిచి, ఈ ముసలాడు ఎవడా అన్నట్టు చూసి, మళ్ళీ మూసుకుంది.

కిటికీ పక్క ఫ్యాను గాలి పిల్ల మీదికి తిన్నగా కొడుతోంది. ఎవరో, చీపురు పట్టుకున్న ఆయా, పిలవకుండానే వచ్చి ఫ్యాను మొహం గోడకి తిప్పేసి పోయింది. థాంక్సమ్మా అనాలి. అనలేదు. కోపంలో ఉన్నవాడికి ఎవరైనా మేలు చేస్తే ఆ మేలు పెట్టుకోవడానికి చోటుండదు. పదకొండూ పందొమ్మిది.

కారే చోట గుడ్డ చుట్టేవాడు కూలి, ముందు పైన కట్టేసేవాడు మేస్త్రి. కొత్తగా పనిలో చేరినవాడికల్లా ఆయన మొదటిరోజు చెప్పే మాట. ఎక్కడ కారినా, గోడలో కారనీ, రోడ్డు కింద కారనీ, మునిగిపోయేట్టు కారనీ, కారే చోటికి పరిగెత్తకు, పై వాల్వు దగ్గరికి పరిగెత్తు, కట్టెయ్, ఆ తర్వాత తీరిగ్గా వెతుక్కో. ఒకసారి బడి ముందు మెయిన్ పైపు పగిలి నీళ్ళు మేడంత ఎత్తు లేచినప్పుడు ఇంజనీర్లందరూ గొడుగులేసుకుని కారే చోట నిలబడితే, ఆయన ఎదురుదిశలో నాలుగు వీధులు పరిగెత్తి ముప్ఫై ఆరు చుట్లు తిప్పి ఒక్కడే కట్టేశాడు, పేపర్లో పడకపోయినా ఆఫీసులో శాలువా కప్పారు. నిన్న పొద్దున బుడగకి మూడోసారి అయినప్పుడు, పచ్చగా, పాలు తాగిన పదినిమిషాలకే నీళ్ళలా పోయినప్పుడు, ఆయన భయపడలేదు. అదే, అదే కోపం. కాస్త భయపడి ఉంటే పిల్లని ఎత్తుకుని నిన్ననే ఇక్కడికి పరిగెత్తేవాడు. భయపడలేదు, నవ్వుకున్నాడు కూడా, ఓస్ ఇంతేనా, ఇది నా పనే అనుకున్నాడు. పైనుంచి పోస్తుంటేగా కిందనుంచి పోయేది. పాలసీసా కడిగి బోర్లించాడు. నీళ్ళ చెంబు అలమారాలో పైఅరన పెట్టాడు. సాయంత్రానికి ఇంకా ఆగకపోతే, పైప్‌లైను కందకాల్లో దిగే రోజుల్లో కడుపు చెడితే పని ఆగకుండా తను వేసుకునే మాత్ర పనిముట్ల సంచిలో ఉంటుంది కదా, దాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క తేనెలో నూరి నాలుక మీద రాశాడు. ఆగింది! రాత్రంతా ఆగింది. ఎంత గర్వపడ్డాడు! అమ్మాయి నిన్న పొద్దున పిల్ల లేవకముందే పనికి వెళ్ళింది, రాత్రి డ్యూటీ కూడా తనకే పడింది, టోల్‌గేటు గదిలో కూర్చుని వచ్చే పోయే లారీలకి చీటీలు చింపుతూ ఉంటుంది, అల్లుడు అలాంటి లారీ ఒకదాని మీద నాలుగు రోజుల దూరంలో ఉన్నాడు. అమ్మాయి మధ్యలో ఫోను చేస్తే, తగ్గింది నిద్రపోతోంది, నువ్వేం బెంగ పెట్టుకోకు అన్నాడు. నిద్ర! అది నిద్ర అనుకున్నాడు. పొద్దున ఇంకో ముక్క. ఎందుకు? ఆగిపోయిందిగా, మళ్ళీ ఎందుకు? వాల్వు ఇంకో అరచుట్టు బిగించే అలవాటు. అరచేతుల్లో పాతుకుపోయిన అలవాటు.

వాంతి. చెప్పాపెట్టకుండా, చొక్కా మీద, తెల్లగా, ఇంతే. ఇప్పటిదాకా పట్టినదంతా. పది నిమిషాలు ఆగాలి. పది నిమిషాలు చెంచా పట్టుకుని ఊరికే కూర్చోవాలి. ఎవరి మీద పడదాం అని చూశాడు. ఎవరూ దొరకలేదు. ఆయా మళ్ళీ వచ్చి తుడిచింది, పర్లేదు పెద్దాయనా, ఇక్కడ చొక్కాలన్నిటికీ అదే గతి, అంది.

ఆ పది నిమిషాల్లోనే ఒకడు లోపలికి తుపానులా వచ్చాడు, బట్టలకి రంగుచుక్కలు, పెయింటరు, చంకలో నాలుగేళ్ళ పిల్ల, వెనకాల పెళ్ళాం. పిల్ల ముక్కులో పెన్సిలు రబ్బరు ముక్క. నువ్వు పట్టకారు పెట్టి లాగకపోతే ఇంత లోపలికి పోయేదా అని పెళ్ళాం, పెట్టింది నీ కూతురు, లాగింది నేను, మధ్యలో నీకేం నొప్పి అని మొగుడు, అందరూ నవ్వారు, చెవిపోటు వాడు కూడా ఏడుపాపి చూశాడు. నర్సు ఇద్దర్నీ కసిరి కూర్చోబెట్టి, లోపలున్న డాక్టరుగారితో ఒక మాట మాట్లాడి వచ్చి, తల్లిని పిలిచింది. ముద్దు పెట్టినట్టే పెట్టమ్మా, నీ నోరు తన నోటికి గాలి పోకుండా ఆనించు, నేను ఇటు పక్క ముక్కు నొక్కి పట్టుకుంటా, ఒక్కసారి గట్టిగా, చిన్నగా, ఫూ అను. తల్లి ఫూ అంది. రెండోసారి ఫూ అంది. టప్పున రబ్బరు ముక్క వచ్చి పెయింటరు చెప్పు మీద పడింది. గది గదంతా చప్పట్లు. మేస్త్రికి తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. భేష్! లైనులో అడ్డం పడితే మేమూ ఇంతేనమ్మా, పొడవకూడదు, పొడిస్తే లోపలికి పోతుంది, వెనకనుంచి గాలి కొట్టాలి. నర్సు నవ్వుతూ ఆయన వైపు తిరిగింది. అయితే మీకు సగం డాక్టరీ వచ్చేసినట్టే తాతగారూ! ఏదీ, మన పాప ఎలా ఉంది, అంటూ వంగి, బుడగ కనురెప్ప పైకెత్తి చూసింది, అరికాలి మీద వేలితో గీసింది. కాలు కదలలేదు. మళ్ళీ గీసింది. కాస్త కదిలింది. ఆ నవ్వు ముఖం మీదనుంచి ఎలా పోయిందో మేస్త్రి చూశాడు. దీపం ఆరినట్టు కాదు, నీళ్ళు ఇంకినట్టు పోయింది.

సగం డాక్టరీ. ఆ మాట చెంపదెబ్బ అయినా బాగుండేది. ఆ సగమే కదా ఒడిలో ఇలా పడుకుని ఉంది. ఇప్పుడు చెబితే? చెబితే ఈ గదంతా వింటుంది. రంగుచుక్కలవాడూ, నూనె మరకలావిడా, ఆయా, అందరూ చూస్తారు, పానా మేస్త్రి చేసిన పని. అమ్మాయికి తెలుస్తుంది. పిల్లని మళ్ళీ ఆయన చేతికివ్వదు. ఆ ఇంట్లో పొద్దున లేచి ఏం చేస్తాడు? రిటైరయ్యాక ఆయన తిప్పే వాల్వు ఏదీ లేదు, ఆయన కోసం తలుపు దగ్గర కాచుకునేది ఈ ఒక్క పిల్లే. చెప్పకపోతే? పావు ముక్కే కదా. రెండు పావు ముక్కలే కదా. అరిగిపోయి ఉంటుంది ఈపాటికి. అరిగిపోతే కాలెందుకు కదలదు? మళ్ళీ కోపం వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో వెతికితే ఈసారి పక్కింటి గోడా కాదు, పోయినావిడా కాదు, గడియారమూ కాదు. నాలుగు వీధులు పరిగెత్తినవాడు ఈ నాలుగడుగులు పరిగెత్తలేడూ? నర్సు డాక్టరు గదికేసి తిరిగి పోతోంది. పోతోంది. తలుపు దగ్గరికి చేరింది.

"నర్సమ్మా!"

గొంతు ఆయనది కాదు, కందకంలో ఉన్నవాడు పైవాళ్ళని పిలిచే గొంతు. గదంతా తల తిప్పి చూసింది. ఆమె వెనక్కి వచ్చేసరికి ఆయన జేబులోంచి రేకు తీసి చెయ్యి చాపి ఉన్నాడు.

"ఇది వేశాను. పావు ముక్క నిన్న సాయంత్రం. ఇంకో పావు ఇవాళ పొద్దున ఆరున్నరకి."

ఆమె రేకు తిప్పి పేరు చదివింది. "ఇందాక అడిగాను కదా తాతగారూ?"

"అడిగావు."

"రెండుసార్లు అడిగాను."

"అబద్ధం చెప్పాను. నీళ్ళు కూడా నిన్న పదింటినుంచి నేనే ఆపేశాను. పాలూ ఆపేశాను. అంతంతమాత్రం తాగడం కాదమ్మా, నేను ఒక్క చుక్క పట్టలేదు."

ఆమె పిల్లని ఆయన ఒళ్ళోంచి అందుకుని లోపలికి నడిచింది, ఆయన చెంచా పట్టుకునే వెనకాల పరిగెత్తాడు. లోపల బల్ల, తెల్ల దుప్పటి, కళ్ళద్దాల డాక్టరమ్మ. ఆమె రేకు చూసింది, పిల్ల కళ్ళలోకి టార్చి కొట్టి చూసింది, స్టెతస్కోపు పొట్ట మీద ఒక చోట, ఇంకో చోట, ఇంకో చోట పెట్టి కళ్ళు మూసుకుని వింది, ఎంతసేపు వింది, పైపుకి చెవి ఆనించి రోడ్డు కింద కారుతున్న చోటు కనిపెట్టేవాళ్ళు కూడా అంతసేపు వినరు. కాలి బొటనవేలికి ఒక క్లిప్పు తగిలించారు, పెట్టెలో అంకెలు వెలిగాయి. సూది పెట్టి సెలైన్ తగిలించారు, బుడగ కెవ్వుమంది, ఆ కెవ్వు విని డాక్టరమ్మ మంచిది అంది. కేకల్లో మంచి కేకలు కూడా ఉంటాయని ఆయనకి అప్పుడు తెలిసింది.

"ఇది పెద్దవాళ్ళ మాత్ర. పసిపిల్లల్లో పేగుల కదలిక ఆపేస్తుంది, మత్తు తెస్తుంది, ఒక్కోసారి ఊపిరి కూడా మందగిస్తుంది. పొట్టలో శబ్దాలు వినిపిస్తున్నాయి, అది నయం. ఇవాళ ఇంటికి పంపను. ఊపిరి చూస్తూ ఉండాలి, పాస్‌కి వెళ్ళాలి. ముందే చెప్పి ఉంటే అరగంట కలిసొచ్చేది, ఇప్పటికైనా చెప్పారు కాబట్టి ఏం చూడాలో మాకు తెలిసింది," అని రాసుకుంటూ అంది, ఎంత మామూలుగా అంది, పాలవాడు రాలేదు అన్నంత మామూలుగా. తిట్టదేం? ఆయన గోడకి ఆనుకుని నిలబడి తిట్టు కోసం కాచుకున్నాడు. అన్ని తిట్లూ తనే తిట్టుకుంటే సరిపోదు, పక్కవాళ్ళు కూడా ఒక చెయ్యి వెయ్యాలి కదా. నర్సు స్టూలు లాక్కొచ్చి ఆయన వెనకాల పెట్టి, భుజం మీద వేలు పెట్టి కూర్చోబెట్టింది. ఆ వేలి బరువుకి ఆయన కూలబడ్డాడు.

పన్నెండూ పది. అమ్మాయి వచ్చింది. ఒంటి మీద మెరిసే పట్టీల జాకెట్టు అలాగే ఉంది, రెండు డ్యూటీల మీద మూడోది కూడా పడిందట, కళ్ళు ఎర్రగా.

"ఫోను లాకర్లో పెట్టించుకుంటారు నాన్నా, నువ్వు ఆఫీసుకి చేసింది ఆ సూపర్‌వైజరు ఇప్పుడు చెప్పాడు, వాడి మొహం మండ. ఏమైంది? నిన్న తగ్గిందన్నావు కదా?"

"నేనే చేశాను," అన్నాడు. మొత్తం చెప్పాడు. డాక్టరమ్మకి చెప్పినట్టు కాదు, ముక్కలు ముక్కలుగా, పాలసీసా బోర్లించిన దగ్గర్నుంచి. ఆమె జాకెట్టు విప్పబోతూ సగంలో ఆగిపోయి విన్నది, ఒక చెయ్యి లోపలా ఒక చెయ్యి బయటా.

"నీళ్ళు ఆపావా? పదింటినుంచి? అది అడగలేదా?"

ఇదొక్కటీ ఎవరూ అడగలేదు. నర్సూ అడగలేదు, డాక్టరూ అడగలేదు. ఇది ఆయన తనని తాను కూడా అడగలేదు, తెల్లవారినప్పట్నుంచి ఊళ్ళో అందరి మీదా పడి కోప్పడింది ఈ ఒక్క ప్రశ్న వినపడకుండా ఉండటానికే.

"అడిగింది," అన్నాడు. "నీళ్ళనడం రాదుగా, నీ, నీ అని అలమారా కేసి చెయ్యి చూపించింది. రాత్రి దాకా అడిగింది."

"తర్వాత?"

"తర్వాత అడగడం మానేసింది."

"అడుగుతోంటే ఏం చేస్తున్నావు నువ్వు?"

"నేనూ తాగలేదు."

"ఏంటీ?"

"దానికి ఇవ్వకుండా దాని ఎదురుగా ఎలా తాగను? నేనూ తాగలేదు. ఇప్పటిదాకా."

"నువ్వు మానేస్తే దాని కడుపులోకి వెళ్తాయా?" అమ్మాయి అరిచింది, క్లిప్పు పెట్టె పక్కనున్న నర్సు ఉలిక్కిపడేలా. "ఏం మనిషివి నాన్నా నువ్వు! ఒక్క ఫోను, పక్కింటి పిన్నిని ఒక్క కేక, ఎవరినైనా, రోడ్డు మీద పోయేవాణ్ణైనా! అమ్మ ఉంటే నిన్ను…" ఆగిపోయింది. అమ్మ ఉంటే ఏం చేసేదో ఇద్దరికీ తెలుసు. నువ్వు అడ్డం లే అని తను ముందుకొచ్చేది.

అమ్మాయి ఆయన్ని దాటుకుని బల్ల మీద కూర్చుని, సూది చెయ్యి కదలకుండా నర్సు సాయం పడితే, పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. సెలైను చుక్కలు పడుతున్నాయి. అమ్మాయి అటే చూస్తోంది, ఆయన పెట్టెలో అంకెలు చూస్తున్నాడు. కోపం ఇప్పుడు ఆయన దగ్గర లేదు, మొత్తం అటు వెళ్ళిపోయింది, న్యాయంగా ఎవరికి చెందాలో వాళ్ళ దగ్గరికి. అది చూస్తోంటే ఒకరకంగా ఊపిరాడింది. ఎంతసేపో. కిటికీలోంచి ఎండ బల్ల కాలు దగ్గరికి జరిగింది. ఉన్నట్టుండి అమ్మాయి బిగుసుకుపోయింది. పిల్లకేమైందోనని ఆయన లేవబోయాడు.

"కదలకు," అంది. ఊపిరి బిగబట్టి అంది. ఆమె ఒళ్ళో యూనిఫారం మీద, ఖాకీ గుడ్డ మీద, చీకటి మచ్చ ఒకటి పుట్టి, వెడల్పయి, మోకాలు దాకా పాకి, చివర్న ఒక్కో చుక్కే నేల మీద పడసాగింది. పెద్దదేం కాదు. ముదురు పసుపు. ఆమె కాలు కూడా కదల్చలేదు, కదిపితే ఆగిపోతుందేమో అన్నట్టు. నర్సు తొంగి చూసి, గడియారం చూసి, కాగితం మీద టైము వేసింది. "వెళ్ళింది," అంది. "ఇంకా వెళ్ళాలి. కానీ వెళ్ళింది." బుడగ కళ్ళు తెరిచి, తల్లి జాకెట్టు మీద మెరిసే పట్టీని గోటితో గీకింది.

అమ్మాయి ఏడవలేదు. తడి గుడ్డలో అలాగే కూర్చుని, ఆయన వైపు తిరక్కుండా, గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"రేపు సెలవు పెట్టాను. ఎల్లుండి పొద్దున ఆరింటికి డ్యూటీ."

ఆయన చెంచా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. పిల్లని నేను చూసుకుంటానని అనడానికి తనకి హక్కుందో లేదో తెలియలేదు.

"నాకింకెవరున్నారు?" అంది, అదీ తిట్టినట్టే అంది. "ఈ కోపం పోతుందనుకోకు. పోదు. ఎల్లుండి లోపల ఆ నర్సుని అడిగి అన్నీ నేర్చుకో. విరేచనాలైతే ఏంటి, జ్వరమొస్తే ఏంటి, దగ్గితే ఏంటి, ఎప్పుడు ఇంట్లో చూసుకోవాలి, ఎప్పుడు ఎత్తుకుని పరిగెత్తాలి. నేను అడుగుతాను. ఒక్కటి తప్పు చెప్పావో, డ్యూటీ పోయినా సరే, పిల్లని నీకివ్వను."

మేస్త్రి లేచాడు. పైపుల మీద గుర్తులు పెట్టే మొద్దు పెన్సిలు ప్యాంటు జేబులో ఉంటుంది ఎప్పుడూ, అది తీసి, ఆస్పత్రి చీటీ వెనక్కి తిప్పి, నర్సు బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె తల ఎత్తింది.

"చెప్పమ్మా," అన్నాడు.

"ఏది తాతగారూ?"

"నాకేమీ తెలియదనుకుని చెప్పు."

ఆమె ఒక క్షణం ఆయన్ని చూసి, పెన్సిలుని చూసి, పక్కన కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు. చీటీ గోడకి ఆనించి, పెద్ద పెద్ద అక్షరాలతో, మొదటి వరుస రాయడం మొదలుపెట్టాడు: దాహమని అడిగితే ఇవ్వాలి.